మూతిపళ్ళ లెక్క

మొన్న ఏప్రిల్ 14 సభ అయిపోయాక హాస్టల్ పిల్లలంతా ఫోటోలు దిగుతున్నారు. డిగ్రీ చదివే ఒక చెల్లెలు ఫోన్లో పాత ఫోటోలు జరుపుకుంటూ నా దగ్గరకొచ్చి, "సార్, రెండేళ్ళ నుంచీ చూస్తున్నా, ఒక్క ఫోటోలో కూడా మీరు పళ్ళు కనపడేట్టు నవ్వలేదు. ఎందుకు సార్?" అని అడిగింది. పక్కనున్న అమ్మాయి ఆమె మోచెయ్యి గిల్లింది. "నేను కొంచెం సీరియస్ మనిషినమ్మా" అని తప్పించుకున్నాను.

అబద్ధం చెప్పాను. నాకు ముందు పళ్ళు లేవు. పై వరసలో మధ్య రెండూ పంతొమ్మిదేళ్ళ కిందట పోయాయి. వాటికి అటూ ఇటూ ఉన్న రెండూ ఈ మధ్య పాడయ్యాయి. ఇప్పుడు నోట్లో ఉన్నవి ప్లాస్టిక్ ముక్కలు. రాత్రి తీసి గ్లాసులో వేస్తాను. ఈ ఏడాది ఇంప్లాంట్లు పెట్టించుకోవాలని తిరుగుతున్నాను. పోయిన భాగంలో ఫెలోషిప్పుల గురించి మొదలుపెట్టిన మాట ఇంకా మిగిలే ఉంది, అది వచ్చేసారి. ముందు ఆ చెల్లెలికి జవాబు చెప్పాలి.

మాది ప్రకాశం జిల్లా పడమర వైపు, దర్శి దగ్గర పల్లె. మాదిగపల్లె. 2006 ఏప్రిల్‌లో నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. జయంతి రోజు సాయంత్రం బాబాసాహెబ్ పటం పెట్టుకుని ఊరేగింపు పోతున్నాం. రామాలయం మలుపులో ఆపారు. "ఈ బజారున ఎప్పుడన్నా వచ్చిందా మీ ఊరేగింపు?" అని ఒకాయన అడిగాడు. నేను ముందున్నాను. "రాలేదు గాబట్టే ఇప్పుడు వస్తన్నాం" అన్నాను. అంతే అన్నాను. ఆయన చేతిలో టార్చిలైటు ఉంది, మూడు బ్యాటరీలది, ఇనపది.

రెండు పళ్ళలో ఒకటి సగానికి విరిగింది. రెండోది వేరుతో సహా ఊడి నేల మీద పడింది. మా అమ్మ దాన్ని ఏరి కొంగుకు కట్టుకుంది. ఇంటికి పోయాక మా నాయనమ్మ ఆ పన్ను తీసుకుని, కడిగి, మా పూరింటి కప్పు మీదకు విసిరింది. చిన్నపిల్లల పాలపళ్ళు ఊడితే విసిరినట్టు. "మళ్ళీ వస్తదిలేరా" అంది. పదిహేడేళ్ళ వాడికి రాదని ఆమెకి తెలీదా అంటే తెలుసు. ఇంకేం చెయ్యాలో తెలీక విసిరింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీటింగులకీ ర్యాలీలకీ పోయేవాళ్ళు, కబడ్డీ ఆడేవాళ్ళు, బండి మీద తిరిగేవాళ్ళు అందరూ గుర్తుంచుకోండి. ఆ పన్నును మళ్ళీ పెట్టొచ్చు. వేరుతో సహా ఊడిన పెద్ద పన్నును తెల్లగా కనపడే పైభాగం దగ్గర పట్టుకోవాలి. వేరు ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి అంటితే ఒక్కసారి నీళ్ళు పోసి, వీలైతే అక్కడికక్కడే ఆ గుంటలో తిరిగి గుచ్చి, గుడ్డ కరిచి పట్టుకోవాలి. కుదరకపోతే పాలల్లో వేసి పళ్ళ డాక్టరు దగ్గరకు పరిగెత్తాలి. అరగంటలో చేరితే మంచిది, గంట దాటితే ఆశ తగ్గిపోతా ఉంటుంది. పాలపళ్ళకు ఇది చెయ్యకూడదు. మా పల్లెలో ఆ సాయంత్రం పాలు ఉన్నాయి. పన్ను ఉంది. ఆటో కూడా ఉంది. తెలిసిన మనిషే లేడు.

మీరంతా తెలుగు వాళ్ళే. "మూతిపళ్ళు రాలగొడతా" అన్న మాట వినని వాడు మీలో ఎవరన్నా ఉన్నారా? చెయ్యి విరగ్గొడతా, కాళ్ళు విరగ్గొడతా అన్న మాటలూ ఉన్నాయి. కాళ్ళు విరగ్గొడతానంటే రాకూడని చోటికి వచ్చావని. చెయ్యి విరగ్గొడతానంటే తాకకూడనిది తాకావని. మూతిపళ్ళు ఎప్పుడు రాలగొడతారంటే, మాట్లాడినప్పుడు. ఎదురు చెప్పినప్పుడు. నేను తెలుగులో డాక్టరేట్ చేసినవాణ్ణి, సామెతలూ తిట్లూ పోగేయడం నాకో పిచ్చి. ఈ మాట పెద్దకులపాయన కూలోడితో అనడం విన్నాను, మొగుడు పెళ్ళాంతో అనడం విన్నాను, పంతులు పిల్లాడితో అనడం విన్నాను. కింద ఉన్నవాడు పైవాడితో అనడం మాత్రం నా చెవులారా ఇంతవరకు వినలేదు. అదే భాషలో "పళ్ళికిలించడం" అని ఇంకో మాట ఉంది. పైవాడి ముందు పళ్ళు కనపడితే ఒకటి ఇకిలింపు, లేకపోతే పొగరు. మామూలు నవ్వుకి చోటు లేదు. ప్రబంధాల్లో నాయికలు మాత్రం అందరూ కుందరదనలే, మల్లెమొగ్గల్లాంటి పళ్ళ వాళ్ళే. మా పల్లెలో మల్లెమొగ్గల సంగతి ముందు ముందు చెబుతాను.

కేసు సంగతి. ప్రైమరీ హెల్త్ సెంటర్లో గాయాల సర్టిఫికెట్ రాశారు. అందులో "పై పెదవి చిట్లింది, నోటి నుంచి రక్తం" అని ఉంది. పళ్ళ ఊసే లేదు. స్టేషన్లో దాన్ని చూసి మామూలు గాయం అన్నారు. మూడో రోజు పెద్దమనుషులు కూర్చుని పదివేలు ఇప్పించారు. మా నాయన సంతకం పెట్టాడు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆ ఊళ్ళోనే కూలికి పోవాలి కదా.

పదేళ్ళ తర్వాత, పీహెచ్‌డీ చేసేటప్పుడు, లా చదివే రూమ్మేట్ పుస్తకం ఊరికే తిరగేస్తుంటే ఐపీసీ 320 కనపడింది. తీవ్రగాయం అంటే ఏమిటో ఎనిమిది రకాలు చెప్పారు అందులో. ఏడోది ఎముక గానీ పన్ను గానీ విరగడం, స్థానం తప్పడం. పన్ను! కంటిచూపు పోవడం, చెవుడు రావడం, ఎముక విరగడం పక్కన పన్నును కూర్చోబెట్టింది ఆ చట్టం. 1860 నాటి తెల్లోడి చట్టం. మామూలు గాయం 323 కింద ఏడాది దాకా శిక్ష. తీవ్రగాయం అయితే 325 కింద ఏడేళ్ళ దాకా. ఆ తేడా అంతా నా నోట్లోనే ఉండింది, ఎవరూ నోరు తెరిచి చూడలేదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఇది 116వ సెక్షన్. నంబరు మారింది గానీ పన్ను మాత్రం అక్కడే ఉంది.

కాబట్టి దాడి జరిగిన చోటికి నిజనిర్ధారణకి పోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బాధితుడి వంటి మీద దెబ్బలతో పాటు నోరు కూడా చూడండి. గాయాల సర్టిఫికెట్లో ఏ పన్ను విరిగింది, ఏది కదులుతోంది, ఏది ఊడింది రాయించండి. పళ్ళ డాక్టరు అభిప్రాయం అడగండి, ఎక్స్‌రే తీయించండి. లేకపోతే రేపు అవతలి లాయరు "అది ముందే కదులుతున్న పన్ను" అంటాడు. ఊడిన పన్నును సాక్ష్యం అని పొట్లం కట్టి దాచబాకండి. ఫోటో తీసి ముందు నోట్లో పెట్టించండి.

పళ్ళు పోయాక నాకు మొదట పోయింది తిండి కాదు, మాట. వర్ణమాలలో త థ ద ధ న లను దంత్యాలంటారని అందరం చదువుకున్నాం. నాలిక కొస పై పళ్ళ వెనక తాకితేనే అవి పుడతాయి. "వ" దంత్యోష్ఠ్యం, దానికి పళ్ళూ పెదవీ రెండూ కావాలి. ఫీజులో ఫ, కాఫీలో ఫ, అది పై పళ్ళు కింది పెదవి మీద ఆనితేనే వస్తుంది. తెలుగుకి ఇంకోటి ప్రత్యేకం. చాపలో చ, జామలో జ దంత్యాలు. చీమలో చ, జీవంలో జ తాలవ్యాలు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ తేడా ఏ అచ్చు పక్కన ఎట్లా వస్తుందో సూత్రం చేశాడు. ఎమ్మేలో ఆ సూత్రం మా క్లాసులో అందరూ బట్టీ పట్టారు, నేను మాత్రం నోట్లో వేలు పెట్టుకుని నేర్చుకున్నాను. ఏ అక్షరం ఎక్కడ జారుతుందో నాకు తెలిసినంత మా ప్రొఫెసర్‌కి తెలీదు.

ఇంకో సంగతి ఉంది. "దళిత" అన్న మాటే తీసుకోండి. మొదటి అక్షరం దంత్యం, చివరి అక్షరం దంత్యం. మాదిగలో ఒకటుంది. అంబేద్కర్‌లో ఒకటుంది. పళ్ళు లేని నోటితో ఈ మూడు మాటలూ అని చూడండి. నేను ఏడాదిన్నర అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి పోయాను. బోర్డులో ఒకాయన నా థీసిస్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. "ఉచ్చారణ కొంచెం చూసుకోవాలి బాబూ, తెలుగు మేష్టారికి ఉచ్చారణే కదా ప్రాణం" అన్నాడు. అప్పటికి నా నోట్లో కట్టుడు పళ్ళున్నాయి, ఉచ్చారణ బాగానే ఉంది. శ, ష, స సరిగ్గా పలకరని మన పిల్లల్ని వెక్కిరించడం మీకు తెలిసిందే కదా. ఆయన నా పళ్ళు చూసి అన్నాడో, సర్టిఫికెట్లో కులం కాలమ్ చూసి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఉద్యోగం మాత్రం రాలేదు.

కట్టుడు పళ్ళ కథ చెప్తాను, ఎందుకంటే అక్కడ జరిగిన తప్పు మీలో చాలామందికి జరగొచ్చు. పదిహేడేళ్ళప్పుడు ఇంప్లాంటు పెట్టించినా తప్పే అయ్యేది. అప్పటికి దవడ ఎదుగుదల పూర్తి కాదు. ఇంప్లాంటు ఎముకకు అతుక్కుని ఉన్నచోటే ఉంటుంది, పక్క పళ్ళు దవడతో పాటు కిందికి దిగుతాయి. కొన్నేళ్ళకి ఆ పన్ను పొట్టిగా, పైకి పోయినట్టు కనపడుతుంది. అందుకే మంచి డాక్టరు ఆ వయసులో తీసిపెట్టుకునే పన్నో, పక్క పళ్ళను అరగదీయకుండా వెనక నుంచి అతికించే రెక్కల బ్రిడ్జో ఇచ్చి ఆగమంటాడు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు చేసింది ఏమిటంటే, మధ్య రెండు పళ్ళ కోసం వాటి అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళనూ పెన్సిల్ ములికిలా చెక్కి, నాలుగు పళ్ళ బ్రిడ్జి తొడిగారు. స్కాలర్‌షిప్ డబ్బులు వచ్చిన వారమే పోయి కట్టించుకున్నాను. సంబరంగా ఉండింది. ఆ చెక్కిన పళ్ళు పైవరసలో అన్నిటికన్నా సన్నవి, చిన్నవి. నాలుగు పళ్ళ బరువు పదిహేడేళ్ళు మోశాయి. తొడుగు లోపల పుచ్చిపోయాయి.

పోయిన డిసెంబర్‌లో క్లాసులో జాషువా 'గబ్బిలం' చెబుతున్నాను. కథానాయకుడి కులం గురించి చెప్పే చోట కొంచెం గొంతు పెంచాను. బ్రిడ్జి ఊడి బల్ల మీద పడింది. నాలుగు పళ్ళు ఒక్క ముక్కగా. యాభై మంది పిల్లలు. ఒక్కరు కూడా నవ్వలేదు, అది ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మొదటి బెంచీ అబ్బాయి లేచి ఫ్యాన్ స్విచ్ కట్టేశాడు. ఎందుకు కట్టేశాడో వాడికే తెలియాలి. నేను పళ్ళు జేబులో వేసుకుని, పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని మిగతా పద్యం చెప్పి బయటికొచ్చాను.

ఆ వారమే డాక్టరు దగ్గరకు పోయాను. చిన్న వయసు డాక్టరమ్మ, ఓపిక ఉన్న మనిషి. స్కాన్ తీయించింది. మామూలు ఎక్స్‌రే కాదు, సీబీసీటీ అంటారు, దవడను అన్ని వైపుల నుంచీ ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. కంప్యూటర్ మీద నా పైదవడ ఎముక చూపించింది. నిండుగా ఉండాల్సిన చోట గోడ మీది పిట్టగోడలా సన్నగా ఉంది. మూడున్నర మిల్లీమీటర్లు. పన్ను పోయిన తర్వాత ఎముక తనకిక పని లేదనుకుంటుందట. మొదటి ఏడాదిలోనే వెడల్పులో దాదాపు సగం కరిగిపోతుందట, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. నాది పంతొమ్మిదేళ్ళ కరువు. ఇంప్లాంటు మర సన్నదే మూడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది, దాని చుట్టూ ముందూ వెనకా ఎముక ఉండాలి. కాబట్టి ముందు ఎముక పెంచాలి.

ఇక్కడే నాకు నవ్వొచ్చిన సంగతి జరిగింది. డాక్టరమ్మ కొంచెం మొహమాటపడి, "సార్, ఒక మాట అడగాలి. ఎముక పెంచడానికి ఒక పొడి వేస్తాం. మేం ఎక్కువ వాడేది పశువు ఎముక నుంచి చేసింది. అంటే... ఆవు జాతిది. కొంతమందికి అభ్యంతరం ఉంటుంది. మీకేమైనా..." అని ఆగింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని ఎంతసేపు నవ్వానో! "డాక్టరుగారూ, మా తాత చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చి, తోలు తీసి బతికినవాడు. ఆ ఎముక మాకు పరాయిది కాదు, కానివ్వండి" అన్నాను. ఆమె కూడా నవ్వింది. దాత ఎముకతో చేసిందీ, కృత్రిమంగా చేసిందీ కూడా ఉన్నాయట, మన గడ్డం ఎముకే కాస్త గీకి వాడొచ్చట. ఆ పొడి మీద కప్పే పల్చటి పొర చాలాసార్లు పంది నుంచి వస్తుందట. "అందరూ అడుగుతారా?" అన్నాను. "సంతకం పెట్టే కాగితంలో ఉంటుంది సార్. చాలామంది చదవరు" అంది. ఫ్రిజ్‌లో ఏ మాంసం ఉందని మనుషుల్ని చంపుతున్న దేశంలో, ఎంతమంది పెద్దమనుషుల చిరునవ్వు వెనక ఏ గొడ్డు ఎముక ఉందో ఎవరు చూడొచ్చారు. నాకైతే ఆ ఆలోచనే సగం నొప్పి తీసేసింది.

ప్రణాళిక ఇదీ. చెక్కిన రెండు పళ్ళ వేర్లు తీసేసి ఎముక పొడి వేస్తారు. ఐదారు నెలలు ఆగాలి. ఆ వేర్లున్న చోట్లలోనే రెండు టైటానియం మరలు బిగిస్తారు, నాలుగు పళ్ళకూ నాలుగు మరలు అక్కర్లేదు. మళ్ళీ మూడు నాలుగు నెలలు. ఎముక ఆ లోహాన్ని తనదిగా పట్టుకోవాలి. ఎముక టైటానియంను వదలదని 1952లో బ్రోనెమార్క్ అనే స్వీడన్ పరిశోధకుడు కుందేలు కాలి ఎముక మీద ఇంకేదో పరీక్ష చేస్తూ కనిపెట్టాడు, 1965లో మొదటి మనిషికి పెట్టాడు. పట్టుకున్నాక వాటి మీద నాలుగు పళ్ళ జిర్కోనియా బ్రిడ్జి. మొత్తం ఏడాది. ఖర్చు లక్షా అరవై వేలు. సిగరెట్ తాగుతారా అని మూడుసార్లు అడిగింది. షుగర్ పరీక్ష చేయించమంది. ఈ రెండూ అదుపులో లేకపోతే ఎముక పట్టదు. నాయనకు షుగర్ ఉంది గాబట్టి భయపడ్డాను, నాకు లేదు.

"మూడు రోజుల్లో పళ్ళు" అని బోర్డు పెట్టిన చోటుకీ పోయాను. స్కాన్ చూడకముందే డిస్కౌంట్ చెప్పారు. ఏ కంపెనీ మర అని అడిగితే "ఇంపోర్టెడ్" అన్నారు. కొరియాదా, ఇజ్రాయెల్‌దా, స్విట్జర్లాండ్‌దా, మన దేశంలో చేసిందా అని పేరు చెప్పాలి కదా. పదేళ్ళ తర్వాత మర వదులైతే దానికి సరిపోయే ముక్క ఎక్కడ దొరుకుతుందో తెలియాలి కదా. పేరు, సైజు రాసిన కార్డు ఇవ్వని వాడి దగ్గర నోరు తెరవబాకండి. ప్రభుత్వ దంత కళాశాలలో అయితే తక్కువలో అవుతుంది. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ఉన్నాయి. కాకపోతే ఒక్కో అడుగుకీ ఒక్కో రోజు పోవాలి, కూలి మానుకుని వచ్చేవాడికి ఆ రోజులే ఖరీదు.

తర్వాత డాక్టరమ్మ అడిగిన మాటకి నా దగ్గర జవాబు లేదు. "సార్, మీ సొంత పళ్ళు కనపడే పాత ఫోటో ఒకటి తెండి. దాన్ని చూసి ఆకారం చేద్దాం" అంది. ఇల్లంతా వెతికితే దొరికింది టెన్త్ హాల్‌టికెట్ ఫోటో ఒక్కటి, మూతి బిగించుకుని. మా పల్లెలో అప్పుడు ఫోటో అంటే సర్టిఫికెట్‌కి దిగేది, నవ్వడానికి దిగేది కాదు. చివరికి మా అమ్మ మేనమామ ఇంటికి పోయి 2004లో జరిగిన పెళ్ళి ఫోటో ఒకటి పట్టుకొచ్చింది. మూలన నేను, పదిహేనేళ్ళ వాణ్ణి, ఎవరిదో మాటకి పగలబడి నవ్వుతున్నాను. నేనలా నవ్వేవాడినని నాకే గుర్తు లేదు. దాన్ని ఫోన్లో పెద్దది చేసి చాలాసేపు చూశాను.

పళ్ళు మల్లెమొగ్గల్లా లేవు. గోధుమరంగు చారలున్నాయి. ఫ్లోరైడ్ చారలు. దర్శి, పొదిలి, కనిగిరి వాళ్ళకు చెప్పక్కర్లేదు. మా తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఆ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు పత్రికలో రాశారు. పన్ను చిగుళ్ళలో తయారయ్యే వయసులో తాగిన నీళ్ళు జీవితాంతం పన్ను మీద కనపడతాయి. నా తరం దాకా ఆ బోరు నీళ్ళే తాగాం. నీళ్ళకి కులం లేదంటారు గానీ, ఇరవై లీటర్ల డబ్బా ముందు ఏ వీధిలోకి వచ్చిందో నాకు గుర్తుంది.

"చారలు కూడా వేయించమంటారా, పక్క పళ్ళతో కలిసిపోతాయి" అని అడిగింది డాక్టరమ్మ. నేను ఆలోచనలో పడ్డాను. మా అమ్మ పక్కనే ఉంది. "ఏందిరా, దుడ్డు పెట్టి మచ్చలు కొనుక్కుంటావా?" అంది. ఆ మాటతో చారల చర్చ ముగిసింది. మరీ తెల్లవి కాకుండా కోరపళ్ళ రంగుకి దగ్గరగా ఒకటి ఎంచుకున్నాం. ఆ ఫోటోలో మధ్య రెండు పళ్ళకీ నడుమ చిన్న సందు ఉంది. అది ఉంచమన్నాను. కుదరదంది. నాలుగు పళ్ళూ ఒక్క బ్రిడ్జిగా ఉంటేనే రెండు మరలు మొయ్యగలవు, మధ్యలో విడదీస్తే బలం చాలదు. సరే అన్నాను. ఆ సందు పోతుంది.

ఇప్పుడు అసలు గొడవ. ఈ సంగతి తెలిసి, నేను గౌరవించే ఒక అన్న, ఉద్యమంలో నాకు చెయ్యి పట్టి నడక నేర్పినవాడు, ఫోన్ చేశాడు. "ఒరే తమ్ముడూ, ఆ ఖాళీ నీ బయోడేటారా. చరిత్రరా అది. దాన్ని పింగాణీతో పూడుస్తావా? లక్షా అరవై వేలతో ఎంతమంది హాస్టల్ పిల్లలకి పరీక్ష ఫీజు కట్టొచ్చో లెక్కేశావా?" అన్నాడు. లెక్కేశాను అన్నా. రెండు నెలలు నిద్ర పట్టకుండా అదే లెక్కేశాను. మీరు అడక్కముందే అడుక్కున్నాను.

నేను తేల్చుకున్నది ఇది. ఆ ఖాళీ నా చరిత్ర కాదు. కొట్టినాయన చేసిన పని అది. ఆయనకి ఆ సాయంత్రం గుర్తుందో లేదో కూడా తెలీదు. నేను మాత్రం రోజూ అద్దంలో ఆయన చేతిపనే చూసుకుంటున్నాను, ప్రతి ఫోటోలో దాన్ని దాస్తున్నాను. నా చరిత్ర అంటే ఆ మలుపులో నేనన్న మాట. పన్ను ఉన్నా ఊడినా ఆ మాట నాదే. గాయాన్ని పతకంలా పెట్టుకు తిరగమనేవాళ్ళు ప్రేమతోనే అంటారు. కాకపోతే ఆ పతకం పెట్టుకుని అన్నం నమలాల్సిందీ, క్లాసు చెప్పాల్సిందీ, పిల్ల ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకోవాల్సిందీ వాళ్ళు కాదు. బాబాసాహెబ్ సూటు మీద ఖర్చును ఆ రోజుల్లోనూ లెక్కేసిన వాళ్ళున్నారు.

డబ్బు సంగతి మాత్రం అన్న తప్పు చెప్పలేదు. అయితే ఆ ప్రశ్న నన్ను అడిగి ఊరుకోవడం తప్పు. మన ఆరోగ్య బీమా పాలసీలు మామూలుగా పళ్ళ వైద్యాన్ని పక్కన పెడతాయి, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. ఇంప్లాంటు అంటే సోకు ఖాతాలో వేస్తారు. మరి అదే రాజ్యం రాసుకున్న శిక్షాస్మృతిలో పన్ను విరగ్గొట్టడం ఎముక విరగ్గొట్టడంతో సమానం కదా. విరగ్గొడితే తీవ్రగాయం, తిరిగి పెడితే అలంకారమా? చెయ్యి విరిగినవాడికి ఇనపరాడ్డు వేస్తే దాన్ని సింగారం అని ఎవరన్నా అంటారా? రెండూ లోహమే, రెండూ ఎముకలోనే. అట్రాసిటీ కేసుల్లో పరిహారం కోసం కలెక్టరేట్‌ల చుట్టూ తిరిగే మిత్రులారా, పన్ను పోయిన బాధితుడికి పన్ను కట్టించే ఖర్చు కూడా వైద్యం ఖర్చేనని అర్జీలో రాయండి. కొటేషన్ జత చెయ్యండి. తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు గెలిచినా ఆ కాగితం మిగతా అందరికీ పనికొస్తుంది. "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం" అని సామెత చెప్పి సర్దుకుపోవడం మనవాళ్ళకి బాగా అలవాటు చేశారు. ఏ రాయో, ఎవరు విసిరారో, ఏ సెక్షనో, ఖర్చెంతో, నాలుగూ అడగాలి.

నేను కోపరేటివ్ సొసైటీలో లక్ష అప్పు తీసుకున్నాను. మిగతాది డాక్టరమ్మ నాలుగు వాయిదాల్లో ఇవ్వమంది. అన్నకి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ వదినకి కూడా కింద రెండు పళ్ళు లేవురా, ఎంతవుద్దో కనుక్కో" అన్నాడు. కనుక్కుని చెబుతానన్నాను.

ఎముక పొడి వేసేది ఈ నెల 28న. కుట్లు విప్పేదాకా పది పన్నెండు రోజులు క్లాసు చెప్పలేను, ఇక్కడా పెద్దగా రాయలేను. ఫెలోషిప్పుల భాగం ఆ తర్వాతే. రెండో సంవత్సరం వాళ్ళు ఆలోపు సంధులు చదివి ఉంచండి, రాగానే అడుగుతాను. ఆ ప్రశ్న అడిగిన చెల్లెలు ఇది చదువుతుంటే, నీ ఫోన్లో ఉన్న ఫోటోలు తీసెయ్యకమ్మా. వచ్చే ఏడాది ఏప్రిల్ 14కి ఇంకోటి దిగుదాం.

జై భీమ్.